జాడీలకు చోటు

పొరుగు దేశమూ మనమూ అణుబాంబులు ఎదురెదురుగా గురిపెట్టుకుని కూర్చున్నాక, విశాఖలో బాంబు గది లేని అపార్ట్‌మెంటులో ఎవరూ అద్దెకు దిగడం లేదు. మా బాంబు గది సెల్లార్ కింద ఉంది. గాలి సరిపోవాలి కాబట్టి ఫ్లాటుకి నలుగురికే చోటు. ప్రతి మంగళవారం ఉత్తుత్తి సైరన్ ఒక్క నిమిషం మోగుతుంది. అందరం దిగి, హాజరు వేయించుకుని, మళ్లీ లిఫ్టెక్కుతాం.

ఆ గది చల్లగా ఉంటుందని మా ఆవిడ అనసూయ కొత్తావకాయ జాడీలన్నీ అక్కడే పెట్టించింది. మోసింది మా పనిమనిషి పైడితల్లి. రోజూ ఆ గది తుడిచేదీ ఆమే. చివరి జాడీ దించి పైకొచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"అమ్మా, ఆ జాడీలు పక్కకి జరిపితే మా గౌరి నిలబడతాదమ్మా. ఎనిమిదేళ్ల పిల్ల, ఎంత సోటు కావాలి?"

"జాడీలు గాలి పీల్చవు కదే," అంది అనసూయ.

నేను పేపర్లోంచి తల ఎత్తలేదు.

శుక్రవారం సైరన్ మోగింది. నిమిషం దాటినా ఆగలేదు. ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగాం. పైడితల్లి అలవాటు కొద్దీ గ్యాస్ కట్టేసి, ఇంటికి తాళం వేసి, మా వెనకే వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది. గడప మాత్రం దాటలేదు.

"పిల్ల బళ్లో ఉంది బాబూ, ఎల్తాను," అంది.

నేను ఇనప తలుపు లాగుతుంటే, అనసూయ నా భుజం మీదుగా కేకేసింది.

"పైడితల్లీ, రేపు మాత్రం నాగా పెట్టకే! ఇంతమందిమి ఉంటే గదంతా పాడవుతుంది."