బురద లేపని ఫిన్స్

"రెండు రబ్బరు ముక్కలకు అంత లెక్క పెడతావా? మతేమన్నా పోయిందాప్పా నీకు?" పడవ మోటారు ఆపుతూ భూపేష్ అడిగాడు.

ఓబులేష్ కొత్త ఫిన్స్ పాదాలకు తొడుక్కుంటున్నాడు. నల్లగా, వెడల్పుగా, పెద్ద చేప తోకల్లా ఉన్నాయవి. ఆ ధరకు పాడి మేకొకటి వచ్చేది. నచ్చకపోతే తిప్పి పంపడానికి ఆ సాయంత్రంతో గడువు ముగుస్తుంది.

"పాతవాటితో కాలాడిస్తే బురద లేస్తాందన్నా. రెండు తూర్లు దిగితి. రెండు తూర్లూ వీడియోలో మట్టి తప్ప ఏం లేదు. ఆదివారం ముంపు కాలనీలో మనూరోళ్లందరికీ ఎవురిల్లు వాళ్లకు చూపిస్తానని మాటిచ్చినా. ఈసారి గూడా బురదే చూపిస్తే నన్ను మళ్లా ఎవురు పిలుస్తారు?"

"అడుగున మన్నున్నప్పుడు బురద లేస్తాది. కాళ్లకు ఏం తగిలించుకుంటే ఏముండాది? అదంతా అమ్మేటోళ్ల మాయ. సైన్సు చదివినోనివి, నువ్వే నమ్మితే ఎట్లప్పా?"

సందేహం న్యాయమైనదే. అయితే పరీక్షించకుండా నమ్మడం ఎంత తప్పో, పరీక్షించకుండా కొట్టిపారేయడమూ అంతే తప్పు. ఓబులేష్ సిలిండరు బిగించుకుని నీళ్లలోకి వెనక్కి వాలాడు.

ఆ జలాశయం అడుగునే వాళ్లిద్దరి ఊరు ఉంది. నాపరాతి గోడలు కనుక ఇళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. కొత్త ఫిన్స్ బిరుసైనవి. మడమలు కొద్దిగా తిప్పితే చాలు, నీరు కిందికి కాక వెనక్కి పోతోంది. మేట వేసిన ఒండ్రు కదలలేదు. మొదటిసారిగా ఊరు స్పష్టంగా కనిపించింది.

ఊరొదిలే రోజుల్లో జనం తలుపులు, ద్వారబంధాలు పెరికి ట్రాక్టర్లలో వేసుకుపోయారు. ఆ ఖాళీలతో ఇళ్లన్నీ నోళ్లు తెరుచుకుని తనవైపే చూస్తున్నట్టు ఉన్నాయి. మలుపులో చేతిబోరింగు పిడి పైకెత్తుకుని నిలబడి ఉంది, ఇప్పుడే ఎవరో బిందె నింపుకుని పోయినట్టు.

అప్పుడు వినిపించింది. టక్. కాసేపాగి, మళ్లీ టక్.

నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది. అది ఏ దిక్కు నుంచి వస్తోందో మనిషి చెవి పోల్చుకోలేదు. ఈ సంగతి తెలిసి కూడా ఓబులేష్ వెనక్కి తిరిగి చూశాడు. సిలిండరు చప్పుడు కాదు. గుండె చప్పుడూ కాదు. ఎవరో తలుపు కొడుతున్నారు. ఊళ్లో ఒక్క తలుపు కూడా లేదు కదా!

వీధి వెంట చివరి దాకా ఈదాడు. కడపటి ఇంటి ముందు ఆగి, లైటు ఎత్తి పట్టుకుని చాలాసేపు వీడియో తీశాడు.

పైకి తేలాక బరువుల పట్టీ, సిలిండరు, కెమెరా ఒకదాని తర్వాత ఒకటి భూపేష్‌కు అందించాడు. ఎప్పటిలాగే ఫిన్స్ చివరగా విప్పి ఇచ్చి, ఎక్కడానికి వేలాడదీసిన నిచ్చెన పక్కనే పడవ అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. ఒడ్డు దూరాన సన్నని గీతలా ఉంది.

"ఏమాయ? మళ్లా బురదేనా?"

"యాడి బురదన్నా! అద్దం మాదిరి కనిపిస్తాండాది. ఇవి కొనాల్సిందే. నీళ్లలో టక్కు టక్కుమంటాంటే దెయ్యమేమో అని జడుసుకుంటి. తీరా చూస్తే మీ ఇంటి తలుపు! నీళ్ల ఊపుకు కొట్టుకుంటాండాది. అందరూ తలుపులు పెరుక్కపోతే నువ్వొక్కనివి ఎందుకిడిసిపెడితివి? పైగా బయట తాళమేసి!"

భూపేష్ తల తిప్పి ఒడ్డు వైపు చూశాడు.

"కిటికీలోకి లైటేస్తి. చువ్వకు చీర కొంగు ముడేసి ఉండాది. లోపల్నుంచి. యామినొదిన నిన్నిడిసిపెట్టి, నీళ్లు రాకముందే బెంగుళూరు పాయ అంటివి గదన్నా. మరి లోపల ఎవురు..."

ఓబులేష్ తలెత్తి భూపేష్ ముఖంలోకి చూశాడు.

భూపేష్ ఆ ఫిన్స్‌ను బరువు చూస్తున్నట్టు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వన్నదే నిజమప్పా. ఇవి లేకుంటే ఇంత నీళ్లలో మనిషికి శానా కష్టం," అంటూ వాటిని తన పక్కన పెట్టుకుని, పడవ నిచ్చెన పైకి లాగేశాడు.