మొదటి ఇరవై నిమిషాలు

ఆ పొద్దున వెర్లిన్ స్ట్రౌడ్ చేతిలో ఉన్నవి మూడే. ఇంజన్ లోపల తిరిగే గుబ్బల కడ్డీ, అదే కొత్త క్యామ్‌షాఫ్ట్ ఒకటి, ఆ గుబ్బలకు ఒరుసుకుంటూ ఆడే పదహారు ట్యాపెట్లు, ఇంజన్లు కట్టడంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కూడబెట్టుకున్న పేరు. మొదటి రెండూ అరలో భద్రంగా ఉన్నాయి. మూడోదాన్ని ఊళ్ళో పోగొట్టడానికే టోబిన్ రాష్ వచ్చాడు. అరిగిన క్యామ్‌షాఫ్ట్ ఒకటి తెచ్చి కౌంటర్ మీద ధన్‌మని పడేశాడు.

"ఇది మూడోది! చూడండి, గుబ్బలన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. ఆదివారం పాత కార్ల మేళాలో అందరికీ చూపిస్తా, వెర్లిన్ కొట్టు సరుకంటే ఇదీ అని."

వెర్లిన్ గుబ్బ మీద వేలు పెట్టి చూశాడు. రెండు నెలల్లో మూడోసారి.

"బిగించేముందు గుబ్బలకి నల్ల పేస్టు పూశావా?"

"డబ్బా మొత్తం."

"జింక్ ఉన్న ఆయిలేనా?"

"మీరిచ్చిందే."

"స్టార్ట్ అవగానే వేగం పెంచావా? ఇరవై నిమిషాలు, నిమిషానికి రెండు వేల చుట్లకు తగ్గకుండా?"

"మీ కాగితంలో ఉన్నట్టే చేశానండీ!"

ఇన్నేళ్ళలో ఆ మాట అనని గిరాకీ ఒక్కడూ రాలేదు. వాదించి గెలిస్తే గిరాకీ పోతాడు, ఓడితే పేరు పోతుంది. రెంటికన్నా నడుంనొప్పే చవక అని వెర్లిన్ తేల్చుకున్నాడు.

"ఈసారి నేనే వచ్చి బిగిస్తా. నేనే స్టార్ట్ చేస్తా. నువ్వు దేన్నీ ముట్టుకోకు."

"మళ్ళీ పోతే?"

"కొట్టు బోర్డు దించేస్తా."

"నిజంగానా?"

"దించాలంటే నిచ్చెన ఎక్కాలి. అదొక్కటే బాధ."

రెండు రోజులు టోబిన్ గరాజ్‌లో వంగి పనిచేశాడు వెర్లిన్. పాత పికప్ ఇంజన్ మొత్తం విప్పి, మూలమూలలా దూరిన ఇనుపరజను కడిగి, కొత్తది బిగించాడు. శనివారం పదకొండింటికి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. వేగం రెండు వేలు దాటించి, చెయ్యి థ్రాటిల్ మీదే ఉంచాడు. గుబ్బా ట్యాపెట్టూ ఒరుసుకుని నునుపు తేలేదాకా ఆయిల్ వాటి మీద చిమ్ముతూనే ఉండాలి. మెల్లగా తిరిగితే చిమ్మదు. అప్పుడు ఇనుము ఇనుమునే తింటుంది.

గోడమీది రేకులు అదిరిపోతున్నాయి. ఆరో నిమిషంలో గుమ్మంలోకి పక్కింటి పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులే ఉన్నాయి. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తోంది. ఒక్క ముక్క వినపడటం లేదు.

టోబిన్ చెయ్యి అలవాటుగా థ్రాటిల్ మీదకు పోయింది. వెర్లిన్ గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అని వాడి చెవిలో అరిచాడు.

"మిసెస్ ప్రూయిట్ అండీ! చప్పుడుకి గొడవకొచ్చింది! కాస్త తగ్గిస్తే..."

"ఇంతకుముందూ వచ్చిందా?"

"మూడుసార్లూ!"

"మూడుసార్లూ తగ్గించావా?"

"పెద్దావిడండీ! ఆవిడ నోరు తెరిచేలోపే తప్పయిందని బతిమాలి పంపించేసేవాణ్ణి. మిగతా సేపంతా మెల్లగానే తిప్పా. ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం మర్యాద ఉండొద్దూ!"

వెర్లిన్ మనసులో లెక్క వేసుకున్నాడు. మూడు క్యామ్‌షాఫ్టులు, నలభై ఎనిమిది ట్యాపెట్లు, రెండు నెలల పని. అంతా మర్యాద కింద ఖర్చయిపోయింది. థ్రాటిల్ మాత్రం వదల్లేదు.

కాసేపటికి ఆవిడ అరవడం మానేసింది. చేతులు కట్టుకుని, గడియారం చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది. పోలీసులకు చెప్పడానికి టైము చూసుకుంటోందనుకున్నాడు వెర్లిన్. చూసుకోనీ. ఆ గొడవ పడే ఓపిక ఎక్కడినుంచో అప్పుడే తెచ్చుకోవచ్చు.

ఇరవై నిమిషాలు నిండాయి. ఇంజన్ ఆపాడు. కాస్త ఆయిల్ తీసి వేలికి రాసుకుని ఎండలో చూశాడు. ఇనుపరజను తళుకు ఒక్కటీ లేదు.

లెక్క తేలింది. ఒక క్యామ్‌షాఫ్ట్ దక్కింది. పేరు దక్కింది. బోర్డు ఉన్నచోటే ఉంటుంది, నిచ్చెన ఎక్కే పని తప్పింది. ఖర్చల్లా ఒక పెద్దావిడ కోపం.

ఆ ఖర్చు కూడా తనే పెట్టుకుందామని టోపీ తీసి ముందుకు వెళ్ళాడు.

"మన్నించండమ్మా. మధ్యలో తగ్గించడానికి వీల్లేక..."

ఆవిడ అతన్ని పక్కకు తప్పించి, తిన్నగా వెళ్ళి టోబిన్ చెవి పట్టుకుంది.

"మా ఆయన ముప్పై ఏళ్ళు రేసు కార్లకి ఇంజన్లు కట్టాడు. కొత్త ఇంజన్ అని నాకు చప్పుడుకే తెలుస్తుంది. నాలుగుసార్లూ పరుగెత్తుకొచ్చి నేను అరిచింది ఒకటే మాట నాయనా, ఇరవై నిమిషాలూ వేగం తగ్గించకు అని!"