ఆర్నెల్ల తిండి

"దానికి పొగరు! ఆకలేస్తే అదే దిగొస్తుంది. రేపటికీ తినకపోతే ఎవరికైనా ఇచ్చేస్తా," అన్నాడు భర్త, కుక్క ముట్టని గిన్నెను కాలితో నెడుతూ.

చంకలో పాపతో నిలబడ్డ భార్య ఆ గిన్నెకేసి చూసింది. మొన్నటిదాకా గిన్నెను నాకి నాకి మెరిపించిన కుక్క, అతను చవకని కుక్క తిండి పెద్ద మూట తెచ్చి డ్రమ్ములో పోసినప్పటినుంచీ మూతి తిప్పేసుకుంటోంది. అది బక్కచిక్కిపోతున్నా అతని మాటకు ఎదురు చెప్పడమంటే ఆమెకు భయం.

వంగి ఒక గుళిక తీసి నోట్లో వేసుకుంది.

"ఛీ! కుక్క తిండి తింటావేంటే?"

ఆమె తుపుక్కున ఉమ్మేసింది. "సబ్బు కంపు! ఇది బట్టల సబ్బు పొడి డ్రమ్మే కదండీ. కడిగారా?"

"కడగడమెందుకు? ఖాళీదేగా!"

ఆమె పాపను కిందికి దింపి, డ్రమ్మును దొర్లించుకెళ్ళి పెరట్లోని చెత్తకుప్పలో గుమ్మరించింది.

"పిచ్చా నీకు? ఆర్నెల్ల తిండే అది!"

"తిండి కాదు, మీ తెలివి."

పాలల్లో రొట్టె నానేసి పెడితే కుక్క ఆబగా తింది. అతను మాత్రం చెత్తకుప్ప మీదికి వంగి, గుళికలు ఒక్కొక్కటే ఏరి వాసన చూస్తున్నాడు.

ఇన్నాళ్ళూ తను భయపడింది ఈ మనిషికా అనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది.