మోకాలి ప్రార్థన

భారం మోసేవాళ్లను రమ్మనే ప్రభువు పిలుపు నీకు కంఠస్థమే కదా సోదరా, మరి నీ ఇంట్లో భారం ఎవరు మోస్తున్నారో ఎప్పుడైనా చూశావా?

మా కారు క్లచ్ అరిగింది. ఎప్పుడూ చూసే మేస్త్రీ షెడ్డు మూసేయడంతో కొత్త మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నా భార్య కూడా వస్తానంది.

"తమ్ముడూ, పెడల్ తేలికయ్యే సామాను ఏదైనా ఉంటే వెయ్యి. నా మోకాలు బలహీనం. బండి నడిపి మూడేళ్లయింది. మా అక్కను చూడాలన్నా ఈయన తీరిక కోసం కాచుకోవాలి" అంది.

మెకానిక్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కి "అబ్బా!" అన్నాడు. "మీ మోకాలికేం ఢోకా లేదక్కా! దీన్ని ఏనుగు తొక్కినా కుంటుతుంది. ఇది కంపెనీ క్లచ్ ప్లేటు కాదు, పందేల కార్లకు వేసే గట్టి ప్లేటు. ఎవరో అడిగి మరీ వేయించారు."

షెడ్డుకు ఒకటే తలుపు. దానికి అడ్డంగా ఆమె నిలబడి ఉంది.

"ఏవండీ, మూడేళ్లుగా ఈ మోకాలికి నూనె రాస్తున్నానండీ" అంది మెల్లగా. "మీరు రోజూ దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు కదా."

చేశాను. ఆ ప్లేటు వేయించిందీ నేనే. కారు తాళం దాస్తే ఎక్కడుందని అడిగేది. మోకాలి గురించి ఎవర్నడుగుతుంది? ఆమె ఎటూ వెళ్లకూడదని నేనూ మూడేళ్లు పంటి బిగువున ఆ పెడల్ తొక్కాను.

సోదరా, మోకాళ్ల మీద తర్వాత పడుదువుగాని. నువ్వు బిగించినదాన్ని నీ చేత్తోనే, ఇవాళే, పొద్దు గుంకకముందే విప్పు! తాళం ఆమె చేతిలో పెట్టు!