వేరు దారి

“జీపు ఆగిందే గుంటా. ఎవరికేటయిందో ఏటో,” అంది నాటువైద్యం చేసే దేముడమ్మ కూతురితో, చేటలో చోళ్లు చెరగడం ఆపి.

ఎవరికీ ఏమీ కాలేదు. పాడేరు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు గునపాలు దించి, ఫోను చూపించి, కొండ మీదికి ఇదే దారా అని అడిగారు. ఫోనులో ఆకుపచ్చ గీత ఈ గుమ్మంలో మొదలై, గెడ్డ నీళ్లు దాటి, తేలుకాటుకు వాడే వేరు దొరికే చోట ఆగింది. మందువేరుకు ఒంటరిగా వెళ్లాలన్నది కట్టుబాటు. ఆ చోటు దేముడమ్మ కన్నకూతురికి కూడా చెప్పలేదు.

“ఈ గీత ఎవరు గీసినారే?”

లాప్‌టాప్ ముందున్న కూతురు హేమలత తల ఎత్తలేదు. “మా గ్రూపు మేప్ అమ్మా. కొండదారులన్నీ మేవే ఎక్కిస్తన్నాం. ఎవరైనా సూడొచ్చు.”

“నా దారి మీకెలాగ తెలిసింది?”

“నీ రొంటిలో పెట్టిన ఫోను నువ్వు నడిసిన దారంతా రాసుకుంది.”

కొండ మీద పడిపోతే వెతుక్కోవచ్చని చెప్పి కూతురే ఆ ఫోను నడుం దగ్గర చీర మడతలో పెట్టింది. తన కోసం భయపడే మనిషి కూడా ఒకరున్నారని దేముడమ్మ ఆ రోజంతా మురిసిపోయింది.

“నాను పడిపోతానని భయపడే పెట్టినావు కదే?”

కీబోర్డు చప్పుడు ఆగింది. బయట ఆ ఇద్దరూ గునపాలు భుజాన వేసుకుని నడక మొదలుపెట్టారు. వాళ్లు గెడ్డ దాటుతుండగా హేమలత లాప్‌టాప్ మూసింది.

“మేప్ కోసమేనమ్మా,” అంది.