పరీక్ష నాటి పదును

మొగుడే నల్లమ్మ చదువు మాన్పించాడని ఊరంతా అంటుంది. అబద్ధం.

కరస్పాండెన్సు డిగ్రీ ఆఖరి పరీక్షకు ముందురోజే, మూడేళ్ల కరువు తర్వాత, విత్తే వాన పడింది. వేరుశనగ వెంటనే వేయకపోతే నేలలో పదును, ఆ తడి, ఆరిపోతుంది. పరీక్ష తేదీలు వేసే పెద్దలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

పరీక్ష రోజు పొద్దున చేను పక్కనే బస్సాపి మొగుడు ఓబన్నే ఆమెను ఎక్కించాడు. "నువ్వు పో. విత్తనం నేనేసుకుంటా."

"గొర్రు పట్టేదానికి ఒకరు, గింజ వదిలేదానికి ఒకరు కావల్ల. నీకేమన్నా నాలుగు చేతులుండాయా?"

"నేను దేవుణ్ణనుకోని పో."

బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూసింది. ఒక చేత్తో గొర్రు పట్టి, ఇంకో చేత్తో గింజలు వదులుతున్నాడు. సాళ్లు వంకర పోతున్నాయి.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. పొద్దుగూకేలోపు ఇద్దరూ చేనంతా విత్తారు.

చదువు మీద శ్రద్ధ లేదని సార్లు తేల్చేశారు.

మొలిచిన చేనుకు ఆ ఏడు మరో వాన రాలేదు.