కోరల్లేని గాటు

"నోరు తెరువు ముసల్దానా!"

సిద్దిరాములు పట్టకారు పట్టుకుని సాలవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరు మగవాళ్లు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. పక్కనే గొంగడి మీద చచ్చిన మేకపిల్ల. మూడు రోజుల్లో ఇది మూడోది. మాంసం ముట్టలేదు. గొంతు కొరికి, నెత్తురు తాగి వదిలేసింది ఏదో.

"బాణామతి చేసేదాని పండ్లు పీకితే మంత్రం పలకది. ఉన్న మేకలన్న దక్కుతయి నాకు" అన్నాడు సిద్దిరాములు.

"ఎల్లారెడ్డి ఠాణా అమీన్ సాబ్‌కు తెలిస్తే ఊకుంటడా?" అని గుంపులోంచి ఎవరో గొణిగారు.

"తెలిసేటాళ్లకు పండ్లుండయి తియ్" అన్నాడు సిద్దిరాములు.

సాలవ్వ ఏడవడం లేదు. దవడ బిగించి తల అడ్డంగా ఊపుతోంది, అంతే.

అప్పుడు బాలలక్ష్మి గుంపును తోసుకుంటూ వచ్చి ముసలామెకు అడ్డంగా నిలబడింది. "ఆగున్రి! మా ఇంటాయన వచ్చిండు. గాటు ఆయన చూస్తడు. అవ్వదే అంటే అప్పుడు పీకున్రి."

ఆమె వెనకే వచ్చాడు మైసన్న. పశువుల బేరగాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అంగళ్లు తిరిగి నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే ఊళ్లో కాలు పెట్టాడు. నోరు తెరిచి చూస్తే ఎద్దుకు ఎన్నేళ్లో చెబుతాడు. గాయం చూస్తే కరిచింది ఏదో చెబుతాడు. పండ్ల సంగతిలో అతని మాటకు చుట్టుపక్కల ఎదురు లేదు.

సిద్దిరాములు పక్కకు జరిగాడు. "చూడు మైసన్నా. జల్ది చెప్పు."

మైసన్న మేకపిల్ల గొంతు మీది బొచ్చు విడదీసి వంగి చూశాడు.

కుక్క గానీ, తోడేలు గానీ, చిరుత గానీ కరిస్తే నాలుగు కోరలు దిగుతాయి. నాలుగు లోతైన బొక్కలు పడతాయి. ఇక్కడ ఒక్క బొక్క లేదు. పందికొక్కు అయితే ఉలితో చెక్కినట్టు రెండే పండ్ల గీతలుండాలి. అవీ లేవు. పైన ఒక వరుస, కింద ఒక వరుస, విరిగిన చేతిగాజు ముక్కల్లా వంపు తిరిగి ఉన్నాయి. పశువులకైతే పైదవడకు ముందరి పండ్లే ఉండవు. పైనా కిందా ఇట్లా పొట్టిగా, సమంగా, వరుసగా ఉండేవి...

మైసన్న చటుక్కున వేళ్లు బొచ్చులోంచి తీసేశాడు. తలెత్తి సాలవ్వను చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. అన్నం తిని ఎన్నాళ్లయిందో.

"ఏంది, చెప్పవేంది?" అన్నాడు సిద్దిరాములు.

నిజం చెబితే పట్టకారు ఆ నోట్లోకి పోతుంది. పండ్లతో ఆగుతుందన్న నమ్మకమూ లేదు.

"తోడేలు" అన్నాడు మైసన్న.

"తోడేలా? మరి కోరల గాట్లేవి?"

"ముసల్ది. కోరలు అరిగిపోయినయి. ముసలెద్దుకు పండ్లు అరగవా? గట్లనే. నమిలే సత్తువ లేదు దానికి. నెత్తురు నాకి పోయింది."

గుంపు ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. సిద్దిరాములు మాత్రం మైసన్న ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"నీ పెండ్లాం నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

మైసన్న చెయ్యి లేవలేదు. బాలలక్ష్మి తనే దగ్గరికి వచ్చి తల వంచింది. ఇక తప్పక ఆ తల మీద చెయ్యి పెట్టాడు.

"తోడేలే" అన్నాడు.

సిద్దిరాములు పట్టకారు కింద పారేశాడు. "ముండ్ల కంచె ఇంకింత ఎత్తు కట్టాలె" అని గొణుక్కుంటూ మేకపిల్లను భుజాన వేసుకున్నాడు. చేతులు పట్టుకున్నవాళ్లు వదిలేశారు. సాలవ్వ లేచి కొంగు సర్దుకుంది. ఆమె బాలలక్ష్మి గడ్డం పట్టుకుని, "పైలం బిడ్డా, జాగర్తగుండు" అని వెళ్లిపోయింది.

మొగుడూ పెండ్లామూ జొన్నచేను గట్టు మీదుగా ఇంటిదారి పట్టారు.

"నిజంగ తోడేలేనా?" వెనక నుంచి అడిగింది బాలలక్ష్మి.

"కాదు. నీ నెత్తి మీద అబద్ధం ఆడిన. తప్పలే." మైసన్న గొంతు తగ్గించాడు. "అవి మనిషి పండ్లు."

వెనక అడుగుల చప్పుడు ఆగింది.

"భయపడకు. ముసల్ది ఆకలికి ఆగలేక చేసి ఉంటది. మాపటికి ఇంత జొన్న గట్క తీస్కపోయి ఇయ్యి. కడుపు నిండితే మానుకుంటది."

"అవ్వ కాదు."

"నీకెట్ల ఎరుక?"

మైసన్న వెనక్కి తిరిగాడు. బాలలక్ష్మి గట్టు మధ్యలో నిలబడిపోయి ఉంది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు అంగడికి పోయినప్పటి సంది," అంది నెమ్మదిగా, "పొద్దుగాల లేస్తే నా నోట్లె మేకబొచ్చుంటున్నది."